మిగిలిందెంత?

(ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఒక లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

కూర్చోండి, కూర్చోండి. అందరి దగ్గరా కాగితం, పెన్సిలు ఉన్నాయా? లేనివాళ్లు పక్కవాళ్ల నోటుబుక్కులోంచి ఒకటి తీసుకోండి. అడిగి తీసుకోండి, చింపి కాదు.

ముందు ఒక పని చేద్దాం. 1 నుంచి 9 దాకా తొమ్మిది అంకెలున్నాయి కదా. వాటిని మీ ఇష్టమొచ్చిన వరసలో పక్కపక్కన రాయండి. ఏ అంకే వదలొద్దు, ఏదీ రెండుసార్లు రాయొద్దు. 7 ముందు పెడతారో 3 ముందు పెడతారో మీ ఇష్టం. తొమ్మిదంకెల సంఖ్య ఒకటి తయారవుతుంది. రాశారా? నాకు చూపించొద్దు, మూసేయండి.

ఇప్పుడు చూడకుండా చెబుతున్నా. ఈ హాల్లో ఒక్కరు కూడా ప్రధాన సంఖ్య రాయలేదు. ఒక్కరు కూడా! ఇంకో మాట కూడా చెబుతా. మీరు రాసిన సంఖ్యని 9తో భాగించండి, శేషం సున్నా వస్తుంది. చెయ్యండి, నన్ను నమ్మొద్దు, భాగించి చూడండి. ఆ తొమ్మిది అంకెల్ని 3,62,880 రకాలుగా రాయొచ్చు. అన్నిటికీ ఇదే గతి. వచ్చిందా? ఎవరికైనా శేషం మిగిలిందా? నీకు 4 మిగిలిందా? మళ్లీ చెయ్యమ్మా, ఎక్కడో ఎక్కం తప్పింది.

ఎందుకిలా? ఇప్పుడే చెప్పను. ఆ కాగితాలు పక్కన పెట్టండి.

గులకరాళ్లు తలుచుకోండి. మీ దగ్గర 12 గులకరాళ్లున్నాయి. నేలమీద వరసలుగా పేర్చాలి. షరతు ఒక్కటే, అన్ని వరసల్లోనూ సమానంగా ఉండాలి. ఎలా పేరుస్తారు? మూడు వరసలు, వరసకి నాలుగు. ఆ, ఇంకా? రెండు వరసలు, వరసకి ఆరు. బాగుంది. బారుగా ఒకే వరసలో 12, అదీ ఒక రకమే. ఇప్పుడు ఇంకొక్క రాయి కలపండి. 13. పేర్చండి చూద్దాం. రెండు వరసలు పెడితే ఒకటి మిగులుతుంది. మూడు పెట్టినా ఒకటి మిగులుతుంది. నాలుగు పెట్టినా అంతే. ఐదు పెడితే మూడు మిగులుతాయి. ఆరు పెడితే మళ్లీ ఒకటి. ఎలా పెట్టినా ఏదో ఒకటి మిగిలిపోయి ఏడిపిస్తుంది. బారుగా పెట్టడం తప్ప దారి లేదు. ఇలాంటి మొండి సంఖ్యలే ప్రధాన సంఖ్యలు. పుస్తకంలో ఏమని ఉంటుంది? ఒకటి, అదే సంఖ్య తప్ప వేరే కారణాంకాలు లేనిది అని. సరైన మాటే. పరీక్షకి ఆ వాక్యం ఉంచుకోండి, మీకోసం గులకరాళ్లు ఉంచుకోండి.

మరి 1 ప్రధాన సంఖ్యేనా? చేతులెత్తండి. అవును అనేవాళ్లు? కాదు అనేవాళ్లు? సగం సగం. "ఒక్క రాయి కూడా ఒకే వరస కదా సార్" అంటున్నాడు ఇతను. న్యాయమైన మాటే. ఒకప్పుడు పెద్దపెద్ద గణిత పండితులే 1ని ప్రధాన సంఖ్యల జాబితాలో రాసుకున్నారు. తరవాత తీసేశారు. ఎందుకంటే, 12ని ప్రధాన సంఖ్యల గుణకారంగా విడగొట్టండి. 3×4తో మొదలుపెట్టినా, 2×6తో మొదలుపెట్టినా చివరికి తేలేది 2×2×3. ఏ దారిన పోయినా అదే గమ్యం. ప్రతి సంఖ్యకీ ఇలా ఒక్కటంటే ఒక్కటే విడదీత ఉంటుంది. 1ని లోపలికి రానిస్తే? 1×2×2×3 అని ఒకడు రాస్తాడు, 1×1×2×2×3 అని ఇంకొకడు రాస్తాడు, దానికి అంతుండదు. ఆ ఒక్కటే విడదీత అనే మాట కాపాడుకోడానికి 1ని గుమ్మం బయట నిలబెట్టారు. అది ప్రధానమూ కాదు, సంయుక్తమూ (అంటే తనకన్నా చిన్న సంఖ్యల గుణకారంగా విడిపోయేదీ) కాదు.

ఇక భాజనీయతా సూత్రాలు, అంటే ఒక సంఖ్య ఇంకో సంఖ్యతో శేషం లేకుండా పోతుందో లేదో భాగించకుండానే చెప్పే సూత్రాలు. పేరు వినగానే కొన్ని మొహాలు వాడిపోయాయి, కనబడుతున్నాయి నాకు. పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది. 2కి చివరి అంకె చూడు, 3కి అంకెల మొత్తం చూడు, 4కి చివరి రెండంకెలు చూడు. బట్టీ పట్టినవాళ్లు పరీక్షలో ఏం చేస్తారు? 3 సూత్రం 4కి తగిలిస్తారు, 4 సూత్రం 3కి తగిలిస్తారు. అలాంటి పేపర్లు దిద్ది దిద్ది నా కళ్లు కాయలు కాశాయి. అందుకే ఇవాళ మీకు పట్టిక చెప్పను. ఒకే ఒక్క ప్రశ్న చెబుతాను. ఆ ప్రశ్న అడగడం వస్తే పట్టిక మీరే రాసుకోవచ్చు. ఏమిటా ప్రశ్న? "మిగిలిందెంత?" అంతే.

దేంట్లోంచి మిగిలింది? 5,832 అని రాశామనుకోండి. దానర్థం ఏమిటి? వెయ్యేసి రాళ్లున్న సంచులు 5, వందేసి రాళ్లున్న సంచులు 8, పదేసి రాళ్లున్న సంచులు 3, విడిగా 2 రాళ్లు. మనం రాసే ప్రతి సంఖ్యా సంచుల లెక్కే. ఒక్కో సంచీ విప్పి, మిగిలిందెంత అని అడగాలి.

2తో చూద్దాం. పదిరాళ్ల సంచి విప్పి రెండేసి చొప్పున తీసేయండి. మిగిలిందెంత? సున్నా. వంద, వెయ్యి, అన్నీ సున్నాయే. అంటే సంచుల గోలే లేదు, విడిరాళ్లు చూస్తే చాలు. అందుకే చివరి అంకె. 5కీ అదే కథ. 4కి? పదిలోంచి నాలుగేసి తీస్తే రెండు మిగిలిపోయాయి, కుదరలేదు. వందలోంచి? ఇరవై ఐదు నాలుగులు వంద, మిగల్లేదు. అందుకే చివరి రెండంకెలు చూస్తాం. 8కి వంద కూడా కుదరదు, వెయ్యి కుదురుతుంది, చివరి మూడంకెలు. చూశారా, ఇప్పుడు 3కీ 4కీ తారుమారు చెయ్యమన్నా చెయ్యలేరు.

4 సూత్రం మీరు రోజూ వాడేదే, లీపు సంవత్సరం. 2024లో చివరి 24 చూసి చెప్పేస్తాం. వందల సంవత్సరాలకి మాత్రం 400తో పోవాలని ఇంకో షరతుంది. 1900 లీపు కాదు, 2000 లీపు. 2100 కాదు. మీలో కొందరు 2100 చూస్తారు, ఆ ఏడు ఫిబ్రవరి 29 కోసం వెతక్కండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 9. పదిరాళ్ల సంచిలోంచి తొమ్మిది తీసేస్తే మిగిలిందెంత? ఒకటి. వందలోంచి 99 తీసేస్తే? ఒకటి. వెయ్యిలోంచి 999 తీసేస్తే? ఒకటే. ఎంత పెద్ద సంచి విప్పినా అడుగున ఒక్క రాయే. మరి 5,832 చూడండి. వెయ్యిరాళ్ల సంచులు అయిదిటి నుంచి ఒక్కోటి చొప్పున 5 రాళ్లు. వందరాళ్ల సంచులు ఎనిమిదిటి నుంచి 8. పదిరాళ్ల సంచులు మూడిటి నుంచి 3. విడివి 2. కుప్ప పోయండి. 5, 8, 3, 2. ఎంత? 18. ఏం చేశాం మనం? అంకెలు కూడాం! అంకెల మొత్తం అంటే సంచుల అడుగున మిగిలిన రాళ్ల కుప్ప. ఆ కుప్ప 9తో పోతే సంఖ్యంతా పోయినట్టే. 18 పోతుంది కదా, 5,832 కూడా పోతుంది, 648 సార్లు. 3కి కూడా ఇదే, తొమ్మిదులు తీసేస్తే మూడులు తీసేసినట్టే కాబట్టి. అన్నట్టు, 18ని 18తో, మళ్లీ 18తో గుణిస్తే 5,832 వస్తుంది. అంకెల మొత్తమూ 18. ఇది సరదాకి చెప్పాను, పరీక్షలో రాదు.

మీ కాగితాలు తియ్యండి. 1 నుంచి 9 దాకా కూడితే ఎంత? 45. ఏ వరసలో రాస్తే మాత్రం ఏం, కుప్ప 45 రాళ్లే. 45 తొమ్మిదితో పోతుంది. తొమ్మిదితో పోయేది ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది? అదీ నా గారడీ. మోసపోయామనుకుంటున్నారా? రేపు మీరు ఇంకొకళ్ల మీద ప్రయోగించండి.

11 ఇంకా బాగుంటుంది. పదిలోంచి పదకొండు తీయండి. తీయలేరు, ఒకటి తక్కువైంది. అప్పు చేయాలి, ఒకటి అప్పు. వందలోంచి 99 తీస్తే ఒకటి మిగులు. వెయ్యికి వచ్చేసరికి 1,001 పదకొండుతో పోతుంది, మళ్లీ ఒకటి అప్పు. పదివేలలో 9,999 పోయి ఒకటి మిగులు. అప్పు, మిగులు, అప్పు, మిగులు. అందుకే 11 సూత్రంలో అంకెలు ఒకటి విడిచి ఒకటి కూడమంటారు. 9,18,082 చూడండి. కుడి చివర నుంచి మిగులువి 2, 0, 1, మొత్తం మూడు. అప్పువి 8, 8, 9, మొత్తం ఇరవై అయిదు. తేడా 22. పదకొండుతో పోతుంది, సంఖ్యా పోతుంది.

ఇక 7. "సార్, 7కి సూత్రం లేదా?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. అడుగుదాం దాన్ని, మిగిలిందెంత అని. పదిలో 3. వందలో 2. వెయ్యిలో 6. పదివేలలో 4. లక్షలో 5. పది లక్షలకి 1. ఒక్కో సంచిది ఒక్కో పేచీ. అందుకే 7కి ముచ్చటైన సూత్రం దొరకదు. ఒక కిటుకు మాత్రం ఉంది. 3,815 తీసుకోండి. చివరి అంకె 5 కొట్టేసి, దాన్ని రెట్టింపు చేసి, మిగతా 381లోంచి తీసేయండి. 371. మళ్లీ అదే పని, 37లోంచి 2 తీస్తే 35. ఏడైదులు ముప్పై అయిదు, పోయింది. ఎందుకు పనిచేసింది? నిజానికి మీరు 3,815లోంచి 105 తీసేశారు. 105 అంటే అయిదు 21లు, అన్నీ ఏడులే. మిగిలిన 3,710లో చివరి సున్నా వదిలేశారు, అంతే. నన్నడిగితే చిన్న సంఖ్యలకి ఈ కిటుకుకన్నా నేరుగా భాగించడమే త్వరగా అవుతుంది. నేనైతే భాగిస్తాను.

7కి ఇంతకన్నా మంచి గారడీ ఉంది. ఒక మూడంకెల సంఖ్య చెప్పండి. 482? సరే, దాన్నే పక్కన మళ్లీ రాయండి, 4,82,482. ఏడుతో భాగించండి. ఎంత? 68,926, శేషం లేదు. దాన్ని 11తో. 6,266. దాన్ని 13తో. ఎంతొచ్చింది? 482! ఎక్కడ బయల్దేరామో అక్కడికే వచ్చాం. పక్కన మళ్లీ రాయడమంటే 1,001తో గుణించడమే. 1,001 అంటే 7×11×13. ఇంతకన్నా చెప్పను, మిగతాది మీరు ఆలోచించుకోండి.

12 దగ్గర ఒక గొయ్యి ఉంది, చూసి నడవండి. 6కి 2, 3 రెండిటితో పోతే చాలు. మరి 12కి 2, 6లతో పోతే చాలా? 18 తీసుకోండి. 2తో పోతుంది, 6తో పోతుంది, 12తో పోతుందా? 6లోనే ఒక 2 ఉంది. ఒకే రెండుని రెండుసార్లు లెక్కపెట్టారు. 3, 4 తీసుకోవాలి, వాటిలో ఉమ్మడిది ఏదీ లేదు. చిన్నప్పుడు నేనూ ఇందులో పడ్డవాణ్ణే.

ఇప్పుడు ఒక వింత ప్రశ్న. మనకి పది వేళ్లు కాబట్టి పదేసి సంచులు కట్టాం. ఎనిమిది వేళ్లే ఉంటే? ఎనిమిదేసి రాళ్ల సంచులు కట్టేవాళ్లం. 35 రాళ్లకి నాలుగు సంచులు, మూడు విడిరాళ్లు. "43" అని రాసుకునేవాళ్లం. ఒక్కో సంచిలోంచి ఏడు తీస్తే మిగిలిందెంత? ఒకటి! నాలుగు, మూడు కూడితే ఏడు, పోయింది! ఎనిమిది వేళ్లవాళ్ల బడిలో 7 సూత్రం మన 9 సూత్రమంత తేలిక. ఇప్పటిదాకా ఏడిపించిన 7, వేళ్లు రెండు తగ్గేసరికి దారికొచ్చింది. మరి 13 రాళ్లు? వాళ్లు దాన్ని "15" అని రాస్తారు. రాసినంత మాత్రాన రాళ్లు సమానమైన వరసల్లో కుదురుతాయా? కుదరవు. సూత్రాలు మన రాతని బట్టి మారతాయి. ప్రధాన సంఖ్య ఎవరు ఎలా రాసినా ప్రధాన సంఖ్యే. నాకు మొత్తం లెక్కల్లో బాగా నచ్చిన విషయం ఇది. మీకు నచ్చకపోయినా పర్వాలేదు.

సరే, 91 ప్రధాన సంఖ్యేనా? చాలామంది అవునంటున్నారు. ఏడు పదమూళ్లు ఎంత? 91. అందరూ దీనితోనే బోల్తా పడతారు. మరి 97? 2, 3, 5, 7తో చూడండి, దేనితోనూ పోదు. 11తో, 13తో చూడాలా? అక్కర్లేదు. కారణాంకాలు జంటగా వస్తాయి. ఒకటి పెద్దదైతే రెండోది చిన్నది. రెండూ పదికి పైనుంటే గుణకారం వంద దాటిపోతుంది. కాబట్టి వందలోపు సంఖ్యకి కారణాంకం ఉంటే జంటలో ఒకటి పదిలోపు దొరికి తీరాలి. దొరకలేదంటే లేనట్టే.

ఈ సంగతి వాడుకున్నదే ఎరటోస్తనీస్ జల్లెడ. ఆయన క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంవాడు, అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతి, భూమి చుట్టుకొలత లెక్కగట్టిన మనిషి. 1 నుంచి 100 దాకా రాసి, 1 కొట్టేసి, 2 ఉంచి దాని గుణిజాలు కొట్టేస్తారు. 3 ఉంచి దానివి, 5వి, 7వి. మీరందరూ చేసే ఉంటారు. కానీ 7 దగ్గరికొచ్చేసరికి కొత్తగా కొట్టేయాల్సినవి ఎన్ని మిగిలాయో ఎప్పుడైనా చూశారా? మూడే మూడు. 49, 77, 91. మిగతావన్నీ ముందే పోయాయి. ఈసారి గమనించండి. చివరికి జల్లెడలో 25 మిగులుతాయి.

వందలోపు 25. మరి మొత్తం ఎన్ని? ఎక్కడో ఒకచోట అయిపోతాయా? అయిపోవని యూక్లిడ్ అనే గ్రీకు గణిత పండితుడు రెండువేల మూడువందల ఏళ్ల క్రితమే చూపించాడు. ఎలా చూపించాడంటే, మన ప్రశ్నతోనే. ఉన్న ప్రధాన సంఖ్యలు 2, 3, 5 మాత్రమే అని ఎవరో పంతం పట్టారనుకోండి. మూడిటినీ గుణించి ఒకటి కలపండి. 31. దాన్ని 2తో భాగిస్తే మిగిలిందెంత? ఒకటి. 3తో? ఒకటి. 5తో? ఒకటి. జాబితాలో దేనితోనూ పోదు. అంటే జాబితాలో లేని ప్రధాన సంఖ్య ఇంకోటి ఎక్కడో ఉన్నట్టే కదా? జాబితా ఎంత పొడుగైనా ఇదే పని చేయొచ్చు. ఇక్కడ తొందరపడొద్దు. గుణించి ఒకటి కలిపితే ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుందని యూక్లిడ్ అనలేదు. 2, 3, 5, 7, 11, 13 గుణించి ఒకటి కలిపితే 30,031. అది 59×509. ప్రధాన సంఖ్య కాదు. అయినా 59, 509 జాబితాలో లేవు కదా, ఆయన మాట నిలిచింది.

"ఇవన్నీ దేనికి పనికొస్తాయి సార్?" ఎవరమ్మా అది? మంచిది, అడగాలి. 59ని 509తో గుణించమంటే ఎంతసేపు? నిమిషం. 30,031 ఇచ్చి విడగొట్టమంటే? 2తో, 3తో, 5తో అంటూ 59 దాకా పాకాలి. గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. ఒక్కోటి వందల అంకెలున్న రెండు ప్రధాన సంఖ్యలైతే? గుణించడం కంప్యూటరుకి చిటికెలో పని, విడగొట్టడం మనకి తెలిసిన పద్ధతుల్లో దాని తరం కాదు. ఈ తేడానే తాళంగా చేసి 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ అనే ముగ్గురు రహస్య సందేశాలు పంపే పద్ధతి కట్టారు. ఇంటర్నెట్టులో రహస్యాలు కాపాడటానికి అది వాడుకలోకి వచ్చింది.

ఆఖరుగా ఒకటి చెప్పి వదిలేస్తా. 2024 అక్టోబరులో ఒక ప్రధాన సంఖ్య బయటపడింది. దొరికిన రోజున అప్పటికి తెలిసినవాటిలో అదే పెద్దది. 13,62,79,841 రెళ్లు తీసుకుని అన్నిటినీ గుణించి, ఒకటి తీసేయాలి. దానికి 4,10,24,320 అంకెలు. సెకనుకో అంకె చొప్పున నిద్ర మాని చదివితే 474 రోజులు దాటుతుంది. దాని చివరి అంకె ఎంతో చెప్పగలరా? కంప్యూటరు వద్దు, పెన్సిలు చాలు. 2, 4, 8, 16, 32, 64. చివరి అంకెలు మాత్రం చదవండి. 2, 4, 8, 6, మళ్లీ 2, 4. నాలుగేసి అడుగులకి తిరిగొస్తోంది. కాబట్టి 13,62,79,841ని 4తో భాగిస్తే మిగిలిందెంత? సంఖ్యంతా భాగించొద్దు, చివరి రెండంకెలు చాలు కదా! 41. ఎంత మిగిలింది? ఒకటి. అంటే వరసలో మొదటిది, 2. అందులోంచి ఒకటి తీసేయండి. నాలుగు కోట్ల అంకెల సంఖ్య, చివరి అంకె 1. కూర్చున్నచోటే చెప్పేశాం.

దాని పక్కన అంకె కావాలా? ఈసారి రెళ్లు గుణిస్తూ చివరి రెండేసి అంకెలు రాసుకుంటూ పోండి. ఇరవై అడుగులకోసారి తిరిగొస్తాయి. ఒక్క మడత పేచీ ఉంది. మొదట్లో వచ్చిన 02 ఇంకెప్పుడూ తిరిగి రాదు, దాని చోటులో ఇంకోటి వస్తుంది. ఏదొస్తుందో కనిపెట్టినవాళ్లు నాకు చెప్పండి. బోర్డు మీద రాయొద్దు, పక్కవాడికి తెలిసిపోతుంది.